యాన్ గార్బారెక్

యాన్ గార్బారెక్ (జననం: మార్చి 4, 1947) నార్వే దేశానికి చెందిన ప్రముఖ జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు, స్వరకర్త. అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతానికి ఐరోపా ఉత్తర దేశాల జానపద బాణీలను జోడించి తనదైన శైలిని రూపొందించాడు. టెనర్, సొప్రానో సాక్సోఫోన్లను వాయిస్తాడు.

బాల్యం

గార్బారెక్ నార్వేలోని మీసెన్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి పోలెండ్ దేశీయుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధఖైదీగా నార్వేకు వచ్చాడు. తల్లి నార్వే రైతు కుటుంబానికి చెందినది. ఆనాటి నార్వే చట్టాల ప్రకారం గార్బారెక్‌కు పుట్టుకతో పౌరసత్వం లభించలేదు. ఏడేళ్ళ వయసు వరకు అతను ఏ దేశ పౌరుడూ కాడు. తరువాతి కాలంలో నార్వే సంగీతానికి ప్రతినిధిగా పేరు పొందినది ఇతడే కావడం విశేషం.

ఓస్లో నగరంలో పెరుగుతూ, పద్నాలుగేళ్ళ వయసులో రేడియోలో జాన్ కోల్ట్రేన్ వాద్యాన్ని విని సాక్సోఫోన్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1962లో ఔత్సాహిక జాజ్ కళాకారుల పోటీలో గెలుపొందాడు.

సంగీత ప్రస్థానం

1960లలో స్కాండినేవియాలో నివసించిన అమెరికన్ స్వరకర్త జార్జ్ రస్సెల్ బృందాలలో గార్బారెక్ వాయించాడు. మరొక అమెరికన్ కళాకారుడు డాన్ చెర్రీ ప్రోత్సాహంతో నార్వే జానపద సంగీతంపై దృష్టి సారించాడు.

1969లో మాన్‌ఫ్రెడ్ ఐషర్ మ్యూనిక్‌లో ఇ.సి.ఎం. రికార్డుల సంస్థను స్థాపించాడు. గార్బారెక్ ఆ సంస్థకు చేసిన మొదటి ఆల్బం "ఆఫ్రిక్ పెప్పర్‌బర్డ్" 1970 నాటిది. గిటారిస్టు టెర్యె రిప్డాల్ తదితరులు అందులో పాల్గొన్నారు. ఇందులోని వాద్యం ఉద్ధృతంగా ఉంటుంది. క్రమంగా అతని శైలి నెమ్మదించి, తక్కువ స్వరాలతో, దీర్ఘమైన నాదంతో సాగింది. పియానో విద్వాంసుడు కీత్ జారెట్ ఐరోపా బృందంలో సభ్యుడిగా "బిలాంగింగ్" (1974), "మై సాంగ్" (1978) ఆల్బంలలో వాయించాడు. "డిస్" (1976)లో గాలికి మ్రోగే తంత్రీవాద్యం ధ్వనిని ఉపయోగించాడు. "రోసెన్స్‌ఫోలె" (1989)లో గాయని ఆగ్నెస్ బుయెన్ గార్నోస్ పాడిన నార్వే జానపద గీతాలకు సహకారం అందించాడు.

దక్షిణాసియా కళాకారులతో

వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్‌తోను, "మేకింగ్ మ్యూజిక్" (1987) ఆల్బంలో జాకిర్ హుసేన్, హరిప్రసాద్ చౌరాసియా, జాన్ మెక్‌లాఫ్లిన్‌లతోను కలిసి వాయించాడు. "రాగాస్ అండ్ సాగాస్" (1992)లో పాకిస్తాన్ గాయకుడు ఉస్తాద్ ఫతే అలీ ఖాన్‌తో పాల్గొన్నాడు.

అఫీషియం

1994లో విడుదలైన "అఫీషియం" గార్బారెక్ ఆల్బంలలో విశేష ప్రజాదరణ పొందినది. 1993లో ఆస్ట్రియాలోని సెయింట్ గెరోల్డ్ మఠంలో దీనిని రికార్డు చేశారు. నలుగురు పురుష గాయకుల హిలియర్డ్ బృందం శతాబ్దాల నాటి క్రైస్తవ ప్రార్థనా గీతాలను ఆలపించగా, గార్బారెక్ వాటిపై అప్పటికప్పుడు కల్పించిన స్వరాలను వాయించాడు. ఈ ఆల్బం పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. ఇదే కలయికలో "నెమోసైనీ" (1999), "అఫీషియం నోవుమ్" (2010) వెలువడ్డాయి. హిలియర్డ్ బృందం 2014లో రద్దయింది.

కుటుంబం

గార్బారెక్ కుమార్తె ఆన్యా గార్బారెక్ కూడా గాయని, స్వరకర్త.