పాత కెర్నల్ ఒకటి ఉంచండి బాస్!

1991లో ఫిన్లాండ్ స్టూడెంట్ లైనస్ టోర్వాల్డ్స్, మోడెమ్‌కి పంపాల్సిన డయల్ కమాండ్‌ని పొరపాటున హార్డ్‌డిస్క్‌కి పంపాడు. దాంట్లో ఉన్న మినిక్స్ పోయింది. దాన్ని మళ్లీ ఎక్కించలేదు, తను రాస్తున్న లినక్స్ కెర్నల్‌నే నమ్ముకున్నాడు. ఇవాళ మీ ఆండ్రాయిడ్ ఫోన్లో హార్డ్‌వేర్‌కీ యాప్స్‌కీ మధ్య పనిచేసేది ఆ లినక్సే.

నా కథ వేరు. భద్రాచలం దారిలో, అడవి పక్కన మా ఊరు. బూట్ పార్టిషన్ నిండిందని పాత కెర్నళ్లన్నీ తీసేశా. కొత్తది సగమే ఎక్కింది. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్! డౌన్‌లోడ్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఖమ్మం వెళ్లి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా.

అందుకే ముందు కొత్తది ఎక్కించి, దాంతో బూట్ చేసి చూడండి. తర్వాతే పాతవి తీయండి, కానీ ఒకటి ఉంచండి. గ్రబ్ మెనూలో వెనక్కి దారి అదే. లైనస్ అయితే సొంతంగా రాసుకున్నాడు, మనకి పాత కెర్నలే దిక్కు!