ఎంపీసీ తీసుకున్నాక డాక్టర్ అవ్వొచ్చా? ఈ గోడ ఎప్పుడు కట్టారు, ఎప్పుడు తలుపు పెట్టారు?

ఈరోజు టాపిక్ మా ఇంట్లోనే పుట్టింది. మా బాబాయి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పని చేస్తారు. ఆ మధ్య నానమ్మని నాచారం ఈఎస్ఐ హాస్పిటల్లో చేరిస్తే, మా చెల్లి, అంటే బాబాయి కూతురు, పది రోజులు తోడుగా ఉంది. అది ఇంటర్ ఎంపీసీ సెకండియర్. నానమ్మ డిశ్చార్జ్ అయిన రోజు రాత్రి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాకు డాక్టర్ అవ్వాలనుంది. తప్పు గ్రూప్ తీసుకున్నానా?"

నేనూ ఎంపీసీనే. 2012లో ఉప్పల్‌లో కాలేజీ ఫారం నింపేటప్పుడు నాకు పదిహేనేళ్లు. ఫ్రెండ్స్ ఏ గ్రూప్ అయితే నాదీ అదే. ఆ ఒక్క టిక్కుతో బీటెక్ ఫిక్స్ అయిపోయింది. అసలు ఆ టిక్కుకి అంత పవర్ ఎక్కడ్నించి వచ్చిందా అని వెనక్కి వెళ్లి చూశా.

మన దగ్గర పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది 1969లో. ఇంటర్ బోర్డు 1971లో ఏర్పడింది. తర్వాత 1983లో క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం వచ్చింది, 1984 నుంచి ఎంసెట్. పేరు ఒకటే, కానీ లోపల దారులు రెండు. మా రోజుల్లో 160 మార్కుల పేపర్లో ఇంజినీరింగ్ వాళ్లకి మ్యాథ్స్ 80, మెడిసిన్ వాళ్లకి బాటనీ, జువాలజీ కలిపి 80. మిగతా సగం ఇద్దరికీ ఫిజిక్స్, కెమిస్ట్రీనే. అంటే ఎంపీసీకీ బైపీసీకీ మధ్య తేడా సగమే అన్నమాట.

మరి గోడ ఎందుకంత గట్టిది? మెడికల్ కౌన్సిల్ 1997 రూల్స్ కింద నడిచిన పద్ధతి వల్ల. పదకొండు, పన్నెండు తరగతుల్లో బయాలజీని ప్రాక్టికల్స్‌తో రెండేళ్లు రెగ్యులర్‌గా చదివి ఉండాలి. తర్వాత విడిగా రాస్తే చెల్లదు. పరీక్షలు మాత్రం మారుతూనే ఉన్నాయి. 2013లో నీట్ వచ్చింది, అదే ఏడాది సుప్రీంకోర్టు కొట్టేసింది, 2016లో మళ్లీ వచ్చింది. ఆ ఏడాదే తెలంగాణలో ఎంసెట్-2 పేపర్ లీకై రద్దయితే, పిల్లలు సెప్టెంబర్‌లో ఎంసెట్-3 రాశారు. ఇంత గందరగోళంలోనూ గ్రూప్ గోడ మాత్రం కదల్లేదు.

కదిలింది 2023 నవంబర్లో. ఇంటర్ అయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అడిషనల్ సబ్జెక్ట్‌గా పాసైనా నీట్ రాయొచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ నోటీసు ఇచ్చింది.

అమెరికాలో అయితే ఎలా? అక్కడ 1910లో ఫ్లెక్స్‌నర్ రిపోర్ట్ వచ్చింది. మెడికల్ స్కూల్‌కి ముందు కనీసం రెండేళ్లు కాలేజీ చదవాలంది. ఇప్పుడు ఎక్కువమంది నాలుగేళ్ల డిగ్రీ చేసి వెళ్తున్నారు. మేజర్ కంప్యూటర్ సైన్స్ అయినా, చరిత్ర అయినా పర్లేదు. కానీ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు మాత్రం దాదాపు అన్ని చోట్లా అడుగుతారు. గమనించండి, బయాలజీ అక్కడా తప్పదు, ఇక్కడా తప్పదు. తేడా అంతా ఎప్పుడు చదవాలన్న దాంట్లోనే. వాళ్లు ఇరవై ఏళ్లకి తేల్చుకునేది మనం పదిహేనేళ్లకే తేల్చేస్తున్నాం.

అలాగని తలుపు తెరిచారు కదా అని దూకేయొద్దు. నీట్ 720 మార్కుల్లో 360 బయాలజీవే. రూల్ మారింది కానీ సిలబస్ తగ్గలేదు.

ఇంకో మాట కూడా చెల్లిని అడిగా. "నీకు నచ్చింది జబ్బు ఎందుకొస్తుందో తెలుసుకోవడమా, పేషెంట్ పక్కన నిలబడటమా?" మొదటిదే అయితే ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు. మనకి దగ్గర్లోనే, ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. దాన్ని మొదలుపెట్టిన పుష్ప భార్గవ గారు ఎంబీబీఎస్ డాక్టర్ కాదు, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసినాయన.

చెల్లి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పక్కన నిలబడటమే అన్నయ్యా" అంది.

అయితే ఎంపీసీ మధ్యలో వదలొద్దు, ముందు మంచి మార్కులతో పాసవ్వు అన్నా. ఈలోగా ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీ రోజుకి గంట చదువు. రెండు నెలల తర్వాత కూడా బోర్ కొట్టకపోతే, అప్పుడు ఒక ఏడాది బయాలజీకి ఇద్దాం, బాబాయితో నేను మాట్లాడతా అని చెప్పా.

మొన్న ఆదివారం ఇద్దరం కోఠీ వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో ఆ పుస్తకం కొన్నాం. అట్ట మీద ఎవరో పాత పేరు కొట్టేసి ఉంది. దాని కింద చెల్లి తన పేరు రాసుకుంది.

మీ గ్రూప్ మీరే ఎంచుకున్నారా, ఇంకెవరైనా ఎంచారా? కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.