బాబిలోనియా సాహిత్య అనువాదం

బాబిలోనియా సాహిత్య అనువాదం అనగా నేటి ఇరాక్ ప్రాంతంలో విలసిల్లిన ప్రాచీన బాబిలోనియా నాగరికతకు చెందిన రచనలను చదివి, పరిష్కరించి, ఆధునిక భాషలలోకి తెచ్చే కృషి. ఈ రచనలు ప్రధానంగా అక్కాడియన్ భాషలో, మట్టి పలకలపై క్యూనిఫాం లిపిలో ఉన్నాయి. వీటిలో గిల్గమేష్ ఇతిహాసం, ఎనూమా ఎలిష్ అనే సృష్టి కావ్యం, అత్రహాసిస్ అనే జలప్రళయ గాథ ప్రసిద్ధమైనవి.

చరిత్ర

క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో ఈ లిపి వాడుక అంతరించింది. 19వ శతాబ్దం మధ్యకాలంలో నినెవే శిథిలాలలో అస్సీరియా రాజు అషుర్‌బానిపాల్ సేకరించిన పలకలు వేల సంఖ్యలో బయటపడి, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. 1857లో రాలిన్‌సన్, హింక్స్, టాల్బట్, ఒప్పెర్ అనే నలుగురు పండితులు ఒకే శాసనాన్ని విడివిడిగా అనువదించారు. ఆ అనువాదాలు చాలావరకు ఏకీభవించడంతో లిపి రహస్యం వీడినట్లు నిర్ధారణ అయింది. 1872లో జార్జ్ స్మిత్ బైబిలులోని నోవహు కథను పోలిన జలప్రళయ గాథను ఈ పలకలలో గుర్తించి ప్రకటించాడు.

పరిష్కరణ పద్ధతి

ఈ లిపిలో ఒకే గుర్తుకు అనేక విలువలుంటాయి. ఉదాహరణకు నక్షత్రాకారపు గుర్తును "అన్" అనే ధ్వనిగా గానీ, ఆకాశం లేదా దైవం అనే అర్థంలో గానీ చదవవచ్చు. దేవతల పేర్లకు ముందు ఉంచే సంకేతం కూడా అదే. ఏ విలువ సరిపోతుందో సందర్భాన్ని బట్టి నిర్ణయించాలి. విరిగిన పలకల ముక్కలను జతచేసి, ఒకే రచనకు చెందిన వేర్వేరు ప్రతులను పోల్చి మూలపాఠాన్ని నిర్ధారిస్తారు. తెలుగులో తాళపత్ర ప్రతులను పోల్చి, పాఠాంతరాలను గుర్తించి కావ్యాలను పరిష్కరించే పద్ధతి ఇటువంటిదే. 1921లో మొదలైన చికాగో అస్సీరియన్ నిఘంటువు 2011లో పూర్తయింది.

ఖాళీల సమస్య

గిల్గమేష్ ఇతిహాసం ప్రామాణిక పాఠం 12 పలకలలో, సుమారు 3,000 పంక్తులుగా ఉండేదని అంచనా. అందులో కొంత భాగం నేటికీ దొరకలేదు. కొందరు అనువాదకులు ఖాళీలను చుక్కలతో, కుండలీకరణాలతో చూపుతారు. మరికొందరు కథ సాఫీగా సాగడానికి ఊహతో పూరిస్తారు. రెండవ పద్ధతిలో చదవడం సులభమే గానీ, ఏది మూలమో ఏది పూరణమో పాఠకునికి తెలియదు.

కొత్త ముక్క దొరికినపుడు అర్థమే మారవచ్చు. ఇరాక్‌లోని సులేమానియా మ్యూజియం 2011లో కొన్న ఒక పలకను అల్-రావి, ఆండ్రూ జార్జ్ 2014లో ప్రచురించారు. దేవదారు వనంలో పక్షుల, కోతుల అరుపులు వనపాలకుడు హుంబాబాకు సంగీతంగా వినిపించేవని, వనాన్ని నాశనం చేసినందుకు ఎంకిడు చింతించాడని దీనివలన తెలిసింది. అంతకుముందు కేవలం రాక్షసునిగా కనిపించిన హుంబాబా, ఈ పంక్తులలో కొలువుదీరిన రాజువలె కనిపిస్తాడు. అయితే ఈ పలక శాస్త్రీయ తవ్వకాలలో లభించినది కాదు, కొన్నది. కనుక ఏ స్థలంలో, ఏ ఇతర పలకలతో కలిసి ఉండేదన్న సమాచారం లేకుండాపోయింది.

ముఖ్య అనువాదాలు

* ఎన్.కె.సాండర్స్ - గిల్గమేష్, ఆంగ్ల వచనం (1960)
* తాహా బాకిర్ - గిల్గమేష్, అరబ్బీ (1962)
* బెంజమిన్ ఫాస్టర్ - అక్కాడియన్ సాహిత్య సంకలనం, ఆంగ్లం (1993)
* ఆండ్రూ జార్జ్ - గిల్గమేష్, ఆంగ్లం (1999). మూలపాఠంతో కూడిన పరిష్కరణ (2003)

ఇవి కూడా చూడండి

* మెసొపొటేమియా
* క్యూనిఫాం లిపి
* గిల్గమేష్