కొయ్యబాతు పొట్ట చెప్పే కథ

కొయ్యబాతుకు వెల కట్టేవాడు ముందు దాని అందం చూడడు. వెల్లకిలా తిప్పి పొట్ట చూస్తాడు. సీసపు బిళ్ల మేకులతో దిగ్గొట్టి ఉందా? లంగరు తాడు కట్టుకునే తోలుముక్కో ఇనుప కొక్కెమో ఉందా? పాత సొంతదారు పొడి అక్షరాలు కాల్చి వేసిన ముద్ర ఉందా? ఉంటే ఆ బాతు ఒకప్పుడు నీళ్లలో దిగి పనిచేసిందని లెక్క. అడుగు చదునుగా, నున్నగా, గుడ్డ అంటించి ఉంటే అది పుట్టింది అలమార కోసమే. రెంటికీ కొనేవాళ్లున్నారు, కొలిచే తక్కెడలే వేరు.

అమెరికాలో దీని పేరు డెకాయ్. మన వేటగాళ్ల దీమమే. పైన ఎగిరిపోయే గుంపుకు, కింద తమవాళ్లు నిశ్చింతగా మేస్తున్నారన్న భ్రమ కలిగించి దింపడం దాని పని. ఆ విద్య తుపాకీ కంటే చాలా పాతది. నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ గుహలో 1924లో తవ్వకాలు జరిపినప్పుడు తుంగతో చేసిన 11 బాతులు దొరికాయి. వాటి వయసు సుమారు 2,000 ఏళ్లు. తుంగకట్టను వంచి ఒళ్లు చేశారు, తలకు రంగు పూశారు, ఒంటికి నిజం ఈకలే దోపారు. చూడగానే కాన్వాస్‌బ్యాక్ బాతని పోల్చుకోవచ్చు.

తరవాత వచ్చిన తెల్లవాళ్లు ఆ కిటుకును కొయ్యలోకి దించారు. 19వ శతాబ్దంలో రైళ్లు వచ్చాక, చెసపీక్ అఖాతంలో కొట్టిన బాతు బాల్టిమోర్, న్యూయార్క్ హోటళ్ల బల్లల మీదికి చేరడం మొదలైంది. వేట వ్యాపారమైపోయింది. నీటిమట్టానికి దిగి ఉండే పెట్టెలాంటి పడవలో వేటగాడు పడుకుంటే, చుట్టూ వందల కొయ్యబాతులు తేలుతుండేవి. అన్నేసి కావలసినప్పుడు నగిషీలకు తీరికెక్కడిది? దేవదారు జాతి కొయ్యను గొడ్డలితో మోటుగా చెక్కి, ఆకురాయి పట్టి, విడిగా చేసిన తలను మేకులతో బిగించి, దూరానికి ఆనేటట్టు రెండు మూడు రంగులు పూస్తే సరిపోయేది. చేసేవాళ్లూ పడవ పనివాళ్లు, జాలర్లు, వేటగాళ్లే. డెట్రాయిట్‌లో మేసన్ కంపెనీ లాంటివి కార్ఖానాలే పెట్టి రకానికో ధర కట్టి అమ్మాయి.

పక్షులు తరిగిపోయాయి. 1918 నాటి వలస పక్షుల చట్టంతో వేటాడి అమ్ముకోవడం నేరమైంది. కొయ్యబాతుకు పని తగ్గింది. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్ ఆర్కిటెక్టు జోయల్ బార్బర్ కళ్లు వాటిమీద పడ్డాయి. 1923లో లాంగ్ ఐలాండ్‌లోని బెల్‌పోర్ట్‌లో కొయ్యబాతుల ప్రదర్శన జరగడానికీ, 1934లో వాటిమీద తొలి పెద్ద పుస్తకం రావడానికీ ఆయనే కారకుడు. ఆయన సేకరణ ఇప్పుడు వెర్మాంట్‌లోని షెల్‌బర్న్ మ్యూజియంలో ఉంది. పొయ్యిలోకి పోవలసిన పనిముట్టు జానపద కళైంది. పనిముట్టుకు పని పోయాకే కళ అని పేరు పెట్టడం లోకం తీరు లెండి.

మసాచుసెట్స్‌లోని ఈస్ట్ హార్విచ్‌కు చెందిన ఎల్మర్ క్రోవెల్ (1862–1952) ఆ మలుపులో నిలబడ్డ మనిషి. స్వయంగా వేటగాడు, బతికున్న బాతుల గుణం తెలిసినవాడు. తల వెనకా రొమ్ము మీదా ఆకురాయి గరుకును కావాలనే వదిలేసి, తడి రంగుమీద తడి రంగు కలిపి ఈకల మెత్తదనం తెప్పించేవాడు. ముక్కుతో ఈకలు సవరించుకుంటున్న ఆయన పిన్‌టెయిల్ పోతు ఒకటి, నిద్రపోతున్న కెనడా బాతు ఒకటి 2007లో ఒక్కొక్కటీ 11.3 లక్షల డాలర్లు పలికాయి. పిన్‌టెయిల్ మనకు కొత్తదేం కాదు, చలికాలం కొల్లేటికి వచ్చే సూదితోక బాతు అదే. మేరీలాండ్‌లోని క్రిస్‌ఫీల్డ్‌లో మంగలి షాపు నడుపుకున్న లెమ్ వార్డ్, స్టీవ్ వార్డ్ సోదరులదీ ఇలాంటి పేరే. వేట బాతులతో మొదలుపెట్టి మెల్లగా ముచ్చట బాతుల్లోకి వచ్చారు.

ఇక వెల సంగతి. అన్నిటికంటే ముఖ్యం మొదటి రంగు. వేటగాళ్లు రంగు పోయినప్పుడల్లా మళ్లీ పూసేవాళ్లు కాబట్టి అది దక్కడం అరుదు. పాత పంచలోహ విగ్రహానికి ఇత్తడి పాలిష్ పట్టించినట్టు, కొత్త రంగు పూసిన బాతు మెరుస్తుంది, విలువ మాత్రం పోతుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే కొత్త రంగు పాతదానికి భిన్నంగా కనిపిస్తుంది. ఎక్స్‌రేలో అతికించిన ముక్కు, మార్చిన మెడ, లోపలి మేకుల రకం బయటపడతాయి. ఒంట్లో ఒకటి రెండు సీసపు గుళ్లున్నా కంగారు పడక్కర్లేదు, పని చేసిన బాతుకు అవి మామూలే. దొంగ సరుకు చేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు, గుళ్లు వాళ్లూ కొట్టగలరు. అందుకే అరుగుదల ఎక్కడుందో చూస్తారు. గోనెలో ఒకదానికొకటి రాసుకుని, తాడు ఒరుసుకుని అరిగేది ముక్కు కొస, తోక చివర, పక్కలు. ఒళ్లంతా ఒకే తీరుగా అరిగిందంటే ఎవరో కూర్చుని అరగదీశారన్నమాట.

అలంకారానికే చేసిన బాతుకు ఈ పరీక్షల్లో చాలావరకు వర్తించవు. అక్కడ చూసేది సంతకం, తేదీ, ఒక్కో ఈకనూ చెక్కిన తీరు, తల తిప్పిన ఒడుపు. చేతితో చెక్కిందన్న చీటీ ఒక్కటే విలువ తేదు. మేరీలాండ్‌లోనే హావర్ డి గ్రేస్ ఊళ్లో అంత్యక్రియల పనులు చూస్తూనే వేల బాతులు చేసిన మాడిసన్ మిచెల్ ఒళ్లను యంత్రం మీదే కోసేవాడు, అయినా ఆయన బాతులకు గిరాకీ ఉంది. పేరూ ఊరూ లేకుండా గిఫ్ట్ షాపుల్లో దొరికే నున్నటి బాతుకు మాత్రం అలమారలో చోటు తప్ప పెద్ద ధర రాదు.

న్యూజెర్సీలోనో మేరీలాండ్‌లోనో ఉన్న మనవాళ్లకు గరాజ్ సేల్‌లో పాతది ఒకటి దొరికిందనుకోండి. మురికిగా ఉందని సబ్బుతో కడగొద్దు, వార్నిష్ పూయొద్దు, ఊగే మెడకు జిగురు పెట్టొద్దు. పొట్టవైపు ఒక ఫొటో, రెండు పక్కలా చెరొకటి, తల దగ్గరనుంచి ఒకటి తీసి, ఎవరి ఇంట్లోంచి వచ్చిందో అమ్మినవాళ్లనే అడిగి రాసిపెట్టుకుని, ఆ తరవాత వీటి సంగతి తెలిసినవాళ్లకు చూపించాలి.