చేతులతో మొదలైన చదువు



మన కోహీర్ చుట్టుపక్కల ఊళ్లలో తల్లులు తరచుగా అనే మాట ఒకటుంది: “అంగన్‌వాడీల చదువేం చెప్తలేరు అయ్యగారూ, ఆటలే ఆడిపిస్తున్నరు.” ఈ మాట వెనక ఉన్నది బిడ్డ మీద ప్రేమే. కూలి డబ్బులు కూడబెట్టి మూడేళ్ల బిడ్డను స్కూలు బస్సు ఎక్కించేది కూడా ఆ ప్రేమతోనే. అయితే చిన్నబిడ్డకు ఆటే చదువని మొదట ఎవరు గ్రహించారు? వాళ్లు డబ్బున్నవాళ్లు కారు. ఈ చరిత్రలో మొదట కనిపించేది ఒక పల్లెటూరి పాస్టరు, ఇద్దరు పల్లె ఆడపిల్లలు.

జాన్ ఫ్రెడరిక్ ఓబెర్లిన్ 1767లో ఫ్రాన్సు తూర్పు కొండల్లోని వాల్డర్స్‌బాక్ అనే పేద ఊరికి ప్రొటెస్టెంట్ పాస్టరుగా వచ్చారు. 1826లో ప్రభువు పిలిచేదాకా అక్కడే సేవ చేశారు. అది రాతి నేల. పెద్దవాళ్లు పొలం పనికి పోతే పసిపిల్లలను చూసేవాళ్లు లేరు. ఆ ప్రాంతంలోనే సారా బాంజె అనే యువతి పిల్లలను కూర్చోబెట్టుకొని ఊలు అల్లడం నేర్పుతుండేది. ఓబెర్లిన్ దంపతులు ఆమెకు జీతమిచ్చి, అదే పనిని ఊరూరా విస్తరింపజేశారు. తర్వాత ఆ భారాన్ని లూయీజ్ షెప్లేర్ అనే పేదింటి అమ్మాయి జీవితాంతం మోసింది. అక్కడ పిల్లలు అల్లేవారు, పాడేవారు, రంగుల బొమ్మలు చూసి కథలు చెప్పుకునేవారు. కొండల్లో తిరిగి మొక్కలు ఏరుకొచ్చి, వాటికి ఇంటి యాసలోనూ ఫ్రెంచి భాషలోనూ పేర్లు నేర్చుకునేవారు. రెండో భాష వాళ్లకు ఆకు ద్వారా వచ్చింది, బెత్తం ద్వారా కాదు.

జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ కూడా పాస్టరు కుమారుడే. 1782లో పుట్టి, ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకున్నాడు. 1837లో చిన్నపిల్లల కోసం ఒక కేంద్రం తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అంటే పిల్లల తోట. ఊలు బంతులు, చెక్క దిమ్మెలు, పిల్లలు తామే సాగుచేసే చిన్న మడులు అక్కడి పాఠ్యపుస్తకాలు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఇది దైవభక్తికి విరుద్ధమని నిషేధించింది. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ చనిపోయాడు. నిషేధం తొలగింది 1860లో. ఈ రోజు మనం ఎల్‌కేజీ, యూకేజీ అంటున్నాం కదా, వాటిలో ‘కేజీ’ అన్నది ఆ పిల్లల తోటే. పేరు మనకు మిగిలింది గానీ, తోట మాత్రం చాలాచోట్ల మాయమైంది.

మన దేశంలో వకీలు గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్ర ఆదివాసీ పల్లెలకు వెళ్లారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. రాళ్లు, ఆకులు, గింజలే సామగ్రి. అంగన్‌వాడీ అంటే వాకిటి బడి. ప్రభుత్వ ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలై ఆ పేరును దేశమంతా తీసుకెళ్లింది.

మన జహీరాబాద్ ప్రాంతానికీ ఇందులో పాలుంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పొలం పనికి వెళ్లే సంఘం స్త్రీల పిల్లల కోసం ఊళ్లలో బాల్వాడీలు నడిపింది. బడి మానేసిన పెద్దపిల్లలకు మాచ్‌నూర్‌లోని పచ్చసాలెలో చదువుతోపాటు వ్యవసాయం, వడ్రంగం, కుండల పని వంటివి నేర్పించారు.

ఇంతకీ ఆటలో ఏం నేర్చుకుంటారు? కలిపి పోసిన జొన్నలు, కందులు, పెసలు వేరుచేసే బిడ్డ చూడటం, పోల్చటం, లెక్కపెట్టటం నేర్చుకుంటుంది. మట్టి పిసికే వేళ్లకు రేపు పెన్సిలు పట్టే బలం వస్తుంది. జామాకు వాసన చూసి, దాని ఈనెలు తడిమి, దాని మీద రంగు పూసి కాగితంపై అద్దిన బిడ్డకు ‘ఆకు’ అనే మాట ఊరికే గీతలుగా కనబడదు. అయితే ఆడించడమంటే వదిలేయడం కాదు. గింజ ముక్కులోకో చెవిలోకో పోకుండా టీచరు పక్కనే ఉండాలి, ‘ఇది ఎట్లుంది? అదెందుకు మునిగింది?’ అని అడుగుతూ ఉండాలి.

ప్రియులారా, ఆదికాండము రెండవ అధ్యాయం గమనించండి. దేవుడు మృగాలను, పక్షులను ఆదాము దగ్గరకు తెచ్చాడు. ఆదాము వాటిని చూశాక పేర్లు పెట్టాడు. చూపు ముందు, పేరు తర్వాత. జెకర్యా 8:5లో, దేవుడు బాగుచేయబోయే పట్టణానికి ఒక గుర్తు ఇచ్చాడు: దాని వీధుల్లో మగపిల్లలు, ఆడపిల్లలు నిండుగా ఆడుకుంటారు.

కాబట్టి తల్లులారా, సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ‘ఎన్ని అక్షరాలొచ్చినయ్?’ అని అడగకండి. ‘ఇయ్యాల ఏం చేసినవ్ బిడ్డా?’ అని అడిగి, చెప్పేదంతా వినండి. సంఘంలోని సహోదరీలారా, మీ ఇంట్లో పాత చీర ముక్కలు, కొబ్బరి చిప్పలు, ఖాళీ అగ్గిపెట్టెలు ఉంటే కడిగి, తుడిచి అంగన్‌వాడీ టీచరమ్మకు అందించండి. ఆమె కోసం ప్రార్థన చేయండి. ఓబెర్లిన్ ఊరిలో ఆ పని నిలబడింది లూయీజ్ షెప్లేర్ వంటి సామాన్యురాలి చేతుల మీదనే. మన ఊళ్లోనూ అటువంటి చేతులను ప్రభువు బలపరచును గాక. ఆమేన్.