కవాటమునకు పొరుగున

మానవహృదయమున బృహద్ధమని కవాటమునకును, ఆ హృదయమును లయ తప్పక నడిపెడి విద్యుత్ప్రేరణ ప్రవహించు కండరసూత్రమునకును నడుమ నున్న దూరము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. ఒకప్పటి శస్త్రవైద్యుల భయమును, నేటివారి ముందుచూపును ఈ సామీప్యము నుండియే పుట్టినవి.

కర్ణికల నుండి జఠరికలకు పోవు ఆ సూత్రమును 1893లో విల్హెల్మ్ హిస్ వర్ణించినను, అది యెచట మొదలై యెచట ముగియునో తెలిపినవాడు జర్మనీలోని మార్బుర్గ్ నగరమున ఆషాఫ్ అను వ్యాధిశాస్త్రవేత్త వద్ద పనిచేసిన జపాను యువకుడు సునావో తవారా. గుండెకండరమును పొర వెంట పొరగా కోసి, సూక్ష్మదర్శినిలో ఓపికతో చూచి, పైనున్న ముడియు, దాని దిగువ కాండమును, కుడియెడమల చీలిన కొమ్మలును ఒకే వృక్షమునకు చెందినవని 1906లో ఆయన నిరూపించెను. రోగి పడకకు ఎంతో దూరమున జరిగిన ఆ పరిశ్రమకు హృదయశస్త్రచికిత్స పడిన ఋణము తీరునది కాదు.

అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, అమెరికాలోని మినియాపొలిస్‌లో లిల్లిహై అను శస్త్రవైద్యుడు పసిబిడ్డల జఠరికల నడిమి గోడలోని రంధ్రములను మూయుచుండగా, కుట్టు ఆ సూత్రమునకు తగిలినంతనే గుండెవేగము పడిపోయెడిది. రంధ్రము చక్కగా మూసికొనియు బిడ్డ దక్కని సందర్భములుండెను. 1957లో గుండెకండరమునకే తీగ గ్రుచ్చి బయటి యంత్రముతో స్పందింపజేసిరి గాని, ఆ యంత్రము గోడలోని ప్లగ్గుపై ఆధారపడినది. ఆ యేడు అక్టోబరు 31న నగరమున విద్యుత్తు నిలిచిపోగా దాని నిస్సహాయత బయటపడెను. అప్పుడు ఎర్ల్ బాకెన్ అను ఎలక్ట్రానిక్స్ పనివాడు, సంగీతాభ్యాసకులు తాళమునకై వాడు మెట్రోనోము సర్క్యూట్‌ను ఒక పత్రికలో చూచి, దానిని మార్చి, రెండు ట్రాన్సిస్టర్లతో, బ్యాటరీతో నడిచెడి చిన్న పెట్టెను తన గ్యారేజీలో తయారుచేసెను. మరుసటి సంవత్సరము అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో సెన్నింగ్, ఎల్మ్‌క్విస్ట్‌లు ఆర్నె లార్సన్ అను రోగి శరీరములోననే పేస్‌మేకర్‌ను అమర్చిరి.

1960లో శస్త్రవైద్యులు హార్కెన్, స్టార్‌లు కృత్రిమకవాటములను అమర్చిన నాటి నుండి పాతభయమే క్రొత్తరూపమున వచ్చినది. సున్నము పేరుకొన్న కవాటమును కోసితీయునపుడును, క్రొత్తదానిని కుట్టునపుడును ఆ సూత్రము నలుగవచ్చును. ఛాతీ మూయుటకు ముందు గుండెపై తాత్కాలికపు తీగలను ఉంచి, వాపు తగ్గి ప్రసారము తిరిగి వచ్చునేమోయని కొన్నిదినములు వేచియుండుట ఆచారమయ్యెను. శాశ్వతముగా పేస్‌మేకర్ ఎవరికి అవసరమగునో ముందే చెప్పగలమా యన్న ప్రశ్న ఆ నిరీక్షణలోనే పుట్టినది.

2002లో ఫ్రాన్సులోని రువాఁ నగరమున అలెన్ క్రిబియే ఛాతీ తెరువక రక్తనాళము గుండ క్రొత్తకవాటమును పంపిన పిమ్మట ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. ఏలనన ఇక్కడ పాతకవాటమును తీసివేయరు, లోహపు చట్రముతో ప్రక్కకు ఒత్తుదురు. ఆ చట్రము దిగువకు జారిన కొలదిని, కవాటము క్రింది పలుచని పొరగోడ పొట్టిదైన కొలదిని ఎడమకొమ్మపై ఒత్తిడి హెచ్చును. కుడికొమ్మ అదివరకే మూసికొనియున్న రోగికి ప్రేరణ పోవుటకు మిగిలినది ఆ ఎడమదారి యొక్కటే. అదియు నలిగినచో జఠరికలకు ఆజ్ఞ అందదు. కావుననే పూర్వమునుండి రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, అనగా ఆ కుడికొమ్మ అడ్డంకి, ఉండుట పేస్‌మేకర్ అవసరమగునన్న అన్ని సూచనలలో బలమైనదిగా పలు పరిశీలనలలో తేలినది. తవారా గీసిన పటమును ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము గొలుపదు. అయినను ఏ గణనయు ప్రతి రోగి విషయమున నిశ్చయముగా చెప్పజాలదు, సి.టి. చిత్రములతో కొలతలు తీసినను, చికిత్సానంతరము గుండెలయను గమనించుచుండుట తప్పదు.

కవాటము మార్పించుకొనబోవు పెద్దలకును, వారి బిడ్డలకును నాదొక మనవి: పాత ఇ.సి.జి. కాగితములను పారవేయక వైద్యుని వద్దకు వెంట తీసికొనిపొండు. చికిత్స తరువాత కనబడిన అడ్డంకి క్రొత్తదో పాతదో తేల్చుటకు ఆ కాగితమే ఆధారము.