గుప్పెడు బియ్యం

"బియ్యం కోసం మతం మారిన్రు" అని మమ్మల్ని ఇప్పటికీ అంటరు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు పట్టి మాదిగలకు కూలి చూపాడు. ఆ పనులు నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాతే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నరు. కాలువ తవ్వింది మా రెక్కలే.

అయితే కరువుకు లేచిన సాయం కరువుతోనే పోయేది. దేశ విభజన కాందిశీకుల కోసం 1947లో చర్చీలు కలిసి పెట్టిన 'కాసా' మాత్రం నిలిచింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత తీరంలో తుఫాను షెల్టర్లు కట్టింది.

పాతబస్తీలో నాలుగిళ్ల అంట్లు తోమే మా అవ్వకు ఇదంతా చదవకుండానే తెలుసు. ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం చర్చి డబ్బాకు తీసిపెట్టేది. "రేపు వానొస్తె ఎవలింటికి పోతం బిడ్డా?" అనేది. ఆ బియ్యం అమ్మిన డబ్బే మా ఆపద నిధి.

2020 అక్టోబరు 13 రాత్రి బస్తీ మునిగింది. నిధి అడిగితే ప్రహరీగోడకు ఖర్చయిందన్నరు పెద్దలు. లెక్కల పుస్తకం తెప్పించి చూసిన. సంతకాలన్నీ ఉన్నయి, బియ్యమేసిన ఆడోళ్లది ఒక్కటీ లేదు.

ఇప్పుడు మళ్లీ డబ్బా పెట్టినం. తాళంచెవి ఇద్దరు ఆడోళ్ల దగ్గర ఉంది. బాలాపూర్‌లో రోహింగ్యాల గుడిసెలకూ అందులోంచి ఇయ్యాలని మొన్న మాటొచ్చింది. తగువు ఇంకా తెగలేదు.